బియ్యం గది బొంతపిల్లి

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు మేము ముగ్గురం ఒకేచోట ఉన్నాం. ఒకడు వార్డెన్ గారి మీద రాద్దామన్నాడు. ఇంకొకడు నీళ్ళ సాంబారు మీద రాద్దామన్నాడు. ఆ రెండూ ప్రతి సంచికలోనూ వస్తూనే ఉన్నాయి. చివరికి పిల్లి మీద రాద్దామనుకున్నాం. నవ్వకండి. ఆ పిల్లి పేరు చెప్పుకుంటే మాతో చదివిన ఒకడికి మేము పడిన బాకీ గుర్తుకొస్తుంది. వాడిని అడిగే రాస్తున్నాం. "రాసుకోండిరా, పేరు మాత్రం వద్దు" అన్నాడు. అందుకని వాడి పేరూ ఊరూ ఇందులో ఉండవు.

మేము చేరేనాటికి ఇది గుంటూరు జిల్లా. నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. అయినా మాచర్ల, గురజాల, కారంపూడి, దుర్గి, రెంటచింతల వైపు నుంచి ట్రంకు పెట్టెలు మోసుకొచ్చిన పిల్లలం మొదటి నుంచీ పల్నాడోళ్ళమనే చెప్పుకునేవాళ్ళం.

అప్పటి బియ్యం గది ఇప్పటి పిల్లలకు తెలియదు. వంటగది పక్కనే ఉండేది. కిటికీకి ఒక చువ్వ లేదు. పందికొక్కులు గోడ కింద తవ్వేవి, ఎలుకలు బస్తాల అడుగున చిల్లులు పెట్టేవి. రాత్రిళ్ళు మా ట్రంకు పెట్టెల మీద అవి పరుగెత్తే చప్పుడుకు చిన్నపిల్లలు నిద్ర లేచి ఏడ్చేవారు. మాలో ఒకడి సోషల్ నోట్సు సగం తినేశాయి. "ఎలుక కొరికింది సార్" అంటే ఎవరూ నమ్మలేదు, దెబ్బలు పడ్డాయి. అట్లాంటి రోజుల్లో ఆ లేని చువ్వ సందులోంచి ఒక పిల్లి వచ్చి చేరింది. పొట్ట, కాళ్ళు తెలుపు. వీపు మీద ఒకచోట నలుపు, ఒకచోట ఎరుపు, ముఖం సగం అటూ సగం ఇటూ. వంట చేసే పెద్దమ్మ దాన్ని చూసి "ఇదేందయ్యా, మా ఇంట్లో బొంత మాదిరిగా ఉంది" అన్నది. పాత చీరల ముక్కలు అతికి కుట్టిన బొంత మా అందరి పెట్టెల్లోనూ ఒకటి ఉండేది. పిల్లికి ఆ పేరే నిలిచిపోయింది. ఇప్పటికీ మేము మూడు రంగుల పిల్లిని బొంతపిల్లి అనే అంటాం.

పేర్ల సంగతి వచ్చింది కనుక ఒక మాట. కోడిపందెం యుద్ధానికి దారితీసిందని కథ చెప్పుకునే గడ్డ మనది. కోడిపుంజు రంగులకు మన పెద్దవాళ్ళు డేగ, కాకి, నెమలి, పర్ల, సేతువ, మైల అని ఎన్ని పేర్లు పెట్టారో! ఆవుల్లోనూ కర్రావు, పుల్లావు, కపిలావు ఉన్నాయి. పిల్లి దగ్గరికి వచ్చేసరికి నల్లది, తెల్లది, ఎర్రది, చారలది అని ఊరుకున్నారు. పందెం కాయదు, పాలివ్వదు, బండి లాగదు, ఇక పేరెందుకనుకున్నారు కాబోలు. పైగా ఎదురొస్తే శకునం బాగాలేదని తిట్లొకటి.

మేము ఎనిమిదో తరగతికి వచ్చిన ఏడాది బొంత బియ్యం బస్తాల వెనక నాలుగు పిల్లల్ని పెట్టింది. ఒకటి ఎర్రది, ఒకటి నల్లది, ఒకటి తల్లిలాగే బొంత, నాలుగోది బూడిద రంగు. చూడటానికి వరుసకట్టి వెళ్ళాం. అప్పుడు మాలో ఒకడన్నాడు, "నాలుగు రంగులు, నలుగురు నాన్నలు" అని. అందరం నవ్వాం. నవ్వి ఒకడి వైపు చూశాం.

వాడివి పిల్లికళ్ళు. తేనె రంగు, ఎండలోకి వస్తే కొంచెం ఆకుపచ్చగా కనిపించేవి. వాళ్ళమ్మవి మామూలు నల్లకళ్ళు. వాళ్ళ నాన్న పిడుగురాళ్ళ సున్నపు బట్టీల్లో పనిచేసేవాడు, హాస్టల్‌కు ఎప్పుడో గాని వచ్చేవాడు కాదు. వచ్చినప్పుడు చూశాం, ఆయనవీ నల్లకళ్ళే. అప్పటికే వాడిని "పిల్లోడు" అనకుండా "పిల్లి" అని పిలిచేవాళ్ళం. ఆ రోజు నుంచి ఆ పిలుపులో ఇంకో అర్థం చేరింది. "మీ నాన్న ఎవరో కనుక్కున్నావా" అని ఒకడు, "దొర కొడుకురా" అని ఇంకొకడు. బియ్యం గది దగ్గర ఆ మొదటి మాట అన్నదెవరో మాలో ఇద్దరికి గుర్తుంది, ఒకడికి గుర్తు లేదు. గుర్తు లేదన్నవాడే అన్నాడని మిగతా ఇద్దరి అనుమానం.

ఆదివారం వాళ్ళమ్మ వచ్చేది. మిరపకోతల రోజుల్లో చేతులు మండుతున్నా ఆ చేతులతోనే జొన్నరొట్టెలు చేసి, గోంగూర పచ్చడి పెట్టుకొని, గుడ్డలో మూటకట్టి తెచ్చేది. వాడికొక్కడికే తెచ్చేది కాదు, గదిలో పదిమందికీ సరిపడా తెచ్చేది. "మావోణ్ణి కాస్త చూసుకోండయ్యా, మెత్తనోడు" అని మాకు చెప్పి వెళ్ళేది. మేము ఆ రొట్టెలు తిన్నాం. తింటూ ఆమె కళ్ళ వంకా వాడి కళ్ళ వంకా చూసి ఒకరినొకరం మోచేత్తో పొడుచుకున్నాం. ఇది రాయడానికి మాకు ఇన్నేళ్ళు పట్టింది.

వాడు ఎవరితోనూ తగవు పడలేదు. స్టడీ అవర్ అయ్యాక బియ్యం గదిలోకి వెళ్ళి బూడిద రంగు పిల్లను ఒళ్ళో పెట్టుకొని కూర్చునేవాడు. ఒకరోజు సైన్సు క్లాసులో లేచి నిలబడి అడిగాడు: "సార్, నల్ల పిల్లికి, నల్ల పిల్లికి బూడిద రంగు పిల్ల పుడుతుందా?" వాడు నోరు తెరిచి ప్రశ్న అడగటం అదే మొదటిసారి. క్లాసంతా నవ్వింది. మాస్టారికి విషయం అర్థమైందో లేదో మాకు తెలియదు. అర్థమైందనే ఇప్పుడు అనిపిస్తుంది, ఎందుకంటే ఆయన నవ్వలేదు, కోప్పడలేదు, బోర్డు వైపు తిరిగి సుద్దముక్క తీసుకున్నారు.

ఆయన ఆ రోజు చెప్పింది కొంత, తరువాత మేము చదివి తెలుసుకున్నది కొంత కలిపి రాస్తున్నాం. పిల్లుల్లో ఒకే ఈతలో ఇద్దరు ముగ్గురు తండ్రుల పిల్లలు పుట్టడం నిజంగానే ఉంది. కాని రంగు చూసి ఆ మాట చెప్పలేం. మన బొంతకు ఒకే ఒక్క నల్ల గండుపిల్లితో ఆ నాలుగు రంగులూ పుట్టగలవు. ఎట్లాగంటే, ఎరుపును నిర్ణయించే జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. ఆడపిల్లికి ఎక్స్‌లు రెండు, మగదానికి ఒకటే. మగపిల్ల తన ఎక్స్‌ను తల్లి దగ్గరే తీసుకోవాలి, తండ్రి ఇచ్చేది వై మాత్రమే. అందుకని ఎర్ర గండుపిల్లి కనిపిస్తే దాని ఎరుపు తల్లి పెట్టినదే. తండ్రి నల్లవాడా తెల్లవాడా అన్నదానితో ఆ ఎరుపుకు సంబంధం లేదు.

బొంతకు ఒక ఎక్స్ మీద ఎరుపు, ఇంకో ఎక్స్ మీద నలుపు ఉన్నాయి. రెండూ ఉంటే కలిసిపోయి ఒకే రంగు రావాలి కదా అని మేము అడిగాం. ఇక్కడే తమాషా. ఆడ పిండంలో చాలా తొలి దశలోనే ప్రతి కణమూ తన రెండు ఎక్స్‌లలో ఒకదాన్ని ఆపేస్తుంది. మేరీ లయన్ అనే శాస్త్రవేత్త 1961లో ఈ సంగతి చెప్పారు. మన హాస్టల్ గదుల్లాగే అనుకోండి: ప్రతి గదికీ రెండు బల్బులు, ఒకటే వెలగాలని నియమం. ఏ గదిలో ఏది ఆర్పారో అది ఇక ఎప్పటికీ అంతే. ఆ కణం నుంచి పుట్టిన కణాలన్నీ అదే పాటిస్తాయి. ఎర్ర బల్బు వెలిగినచోట ఎర్ర మచ్చ, నల్ల బల్బు వెలిగినచోట నల్ల మచ్చ. పొట్ట మీద తెలుపు వేరే జన్యువు పని. రంగునిచ్చే కణాలు పిండం వీపు వైపు నుంచి కిందికి దిగుతూ వస్తాయి, అవి చేరనిచోట తెలుపు మిగిలిపోతుంది. తెల్ల వీపు, నల్ల పొట్ట ఉన్న పిల్లిని మీరు చూడకపోవడానికి కారణం ఇదే.

బొంతపిల్లి ఆడదే అయి ఉంటుందని పెద్దమ్మకు ఈ చదువులేవీ లేకుండానే తెలుసు. మగ బొంత ఎప్పుడైనా కనిపిస్తే అది రెండు ఎక్స్‌లూ ఒక వై కలిగి పుట్టిన అరుదైన పిల్లి. ఇంకో సంగతి వింటే ఆశ్చర్యపోతారు. మేము ఈ గొడవల్లో ఉన్న రోజుల్లోనే, 2001 డిసెంబరులో, అమెరికాలోని టెక్సాస్‌లో రెయిన్‌బో అనే మూడు రంగుల పిల్లి కణం నుంచి దాని నకలుగా ఒక పిల్లను పుట్టించారు. సిసి అని పేరు పెట్టారు. జన్యువులన్నీ తల్లివే, ఇంకెవరి పాలూ లేదు. అయినా సిసికి చారలు, తెలుపు వచ్చాయి గాని ఎరుపు రాలేదు. తు.చ. తప్పకుండా నకలు తీసినా రంగు తల్లిలా రాలేదంటే, రంగు చూసి పుట్టుక లెక్కకట్టే మన తెలివి ఎంతటిదో చూడండి.

ఇక బూడిద రంగు. అది నలుపే, పలచబడిన నలుపు. పలచబరిచే జన్యువు అంతర్గత లక్షణం. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ కలిస్తేనే బయటపడుతుంది. ఒక్కటే ఉంటే పిల్లి నల్లగానే ఉంటుంది, తనలో అది ఉందని ఎవరికీ తెలియదు. బొంతలో ఒకటి దాగుంది, ఆ గండుపిల్లిలో ఒకటి దాగుంది. మాస్టారు వాడి వైపు చూసి, "పుడుతుంది. రెండూ నల్లవే అయినా పుడుతుంది" అన్నారు. మనిషి కంటి రంగు పిల్లి రంగు అంత తేలిక లెక్క కాదు. చాలా జన్యువులు చేయి వేస్తాయి. కాబట్టి నల్లకళ్ళ తల్లిదండ్రులకు తేనెకళ్ళ బిడ్డ పుట్టడంలో వింతేమీ లేదు. ఆ ముక్క కూడా ఆయన చెప్పారు, కాని ఎవరి పేరూ ఎత్తలేదు.

అంతటితో మేము మారిపోయామని రాస్తే అబద్ధం. అర్ధ సంవత్సరం పరీక్షలప్పుడు, పొద్దున్నే పిల్లి ఎదురొస్తోంది, లెక్కల పరీక్ష పోతుందని, నాలుగు పిల్లల్నీ తల్లినీ గోతంలో వేసి రైల్వే గేటు అవతల వదిలి వచ్చాం. తల్లి మూడో రోజు తనే తిరిగి వచ్చి బస్తాల వెనకంతా వెతుక్కుంటూ అరిచింది. వాడు పరీక్ష రాసి అటునుంచే గేటు దాటి వెళ్ళాడు. బూడిదదాన్నీ ఎర్రదాన్నీ చొక్కాలో పెట్టుకొని తెచ్చాడు. మిగతా రెండూ దొరకలేదు. లెక్కల పరీక్ష మాకెలాగూ పోయింది.

ఆ తరువాత మాస్టారే మమ్మల్ని ఒక పనిలో పెట్టారు. మాలో కొందరికి ఒక సిద్ధాంతం ఉండేది: నల్లరేగడి ఊళ్ళలో నల్ల పిల్లులు, ఎర్రనేల ఊళ్ళలో ఎర్ర పిల్లులు ఎక్కువని. "అనుకోవడం ఎందుకు, లెక్కపెట్టుకురండి" అన్నారాయన. ఆయన కాకినాడలో చదివారు. జె.బి.ఎస్. హాల్డేన్ పేరు మేము మొదట విన్నది ఆయన నోటనే. ఇంగ్లండులో పుట్టిన మహా జన్యుశాస్త్రవేత్త. 1957లో మన దేశానికి వచ్చేసి కలకత్తాలో, తరువాత భువనేశ్వర్‌లో పనిచేశారు. 1964 డిసెంబరు 1న చనిపోయాక, ఆయన కోరిక ప్రకారమే దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు విద్యార్థుల చదువు కోసం ఇచ్చారు. ఖరీదైన పరికరాలు లేవని దిగులుపడకుండా కళ్ళతో చూసి లెక్కపెట్టగలిగిన పనులు చేయమని ఆయన ఇక్కడి కుర్రవాళ్ళను ప్రోత్సహించేవారు. వాళ్ళలో పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణ ఒకరు. చెవి అంచున వెంట్రుకలు మొలిచే లక్షణం తండ్రి నుంచి కొడుక్కి వై మీదుగా దిగుతుందని ఆంధ్ర కుటుంబాలను పరిశీలించి 1960లో రాశారు. వై మీదే ఉందా అన్నదాన్ని తరువాతివాళ్ళు సందేహించారు, అది వేరే సంగతి. చెవిలో వెంట్రుకలు లెక్కపెట్టి శాస్త్రవేత్త కావచ్చంటే మాకు భలే హుషారొచ్చింది. మేము తాతల చెవులు చూస్తూ తిరిగాం.

దసరా సెలవులకు నోట్‌బుక్కులు పట్టుకొని ఊళ్ళకు పోయాం. వచ్చాక మా లెక్కలు చూసి మాస్టారు తల పట్టుకున్నారు. ఒకడు ఒకే పిల్లిని మూడు గోడల మీద మూడుసార్లు లెక్కపెట్టాడు. ఒకడు వాళ్ళమ్మమ్మ చెప్పిన, ఎప్పుడో చచ్చిపోయిన పిల్లుల్ని కూడా కలిపాడు. రెంటచింతల వైపు నుంచి వచ్చినవాడు "ఎండకు ఒక్కటీ బయటికి రాలేదు సార్" అన్నాడు. ఇంకొకడు బస్సులో కూర్చొని అంకెలు వేసుకొచ్చాడు, అన్ని రంగులకూ పదేసి. ఏమీ తేలలేదు. అందుకే ఇక్కడ ఏ అంకే ఇవ్వడం లేదు. నేలకూ పిల్లి రంగుకూ సంబంధం లేదని మాత్రం మాస్టారు తేల్చి చెప్పారు.

మరి ఊరిని బట్టి, దేశాన్ని బట్టి పిల్లుల రంగులు మారవా? మారతాయి. ఈ సంగతి మాకు చాలా ఏళ్ళకు, ఉద్యోగాలొచ్చాక తెలిసింది. తెలిసినప్పుడు మా నోట్‌బుక్కులు గుర్తొచ్చాయి. ఎ.జి. సర్ల్ అనే ఆయన లండన్ పిల్లుల రంగులు లెక్కకట్టి, ఏ జన్యువు ఎంత మేరకు ఉందో 1949లో ఒక వ్యాసం రాశారు. అది అచ్చయింది హాల్డేన్ సంపాదకత్వంలోని జర్నల్ ఆఫ్ జెనెటిక్స్‌లో. హాల్డేన్ మన దేశానికి వస్తూ ఆ పత్రికనూ వెంట తెచ్చుకున్నారు. సర్ల్ ఆ తరువాత సింగపూర్‌లో పిల్లుల్ని పరిశీలించి 1959లో రాసిన వ్యాసం అదే పత్రికలో, అంటే అప్పటికి మన దేశం నుంచి వెలువడుతున్న పత్రికలో వచ్చింది. పిల్లుల్ని లెక్కపెట్టమంటే మేము ఆటనుకున్నాం. అది ఇంత పెద్దవాళ్ళు చేసిన పని.

ఆ లెక్కల్లో ఏం తేలిందంటే, పిల్లి చారలు రెండు రకాలు. మన గోడల మీద తిరిగే చారలపిల్లికి పక్కటెముకల వెంట సన్నటి నిలువు చారలు ఉంటాయి. పిల్లుల మూలపురుషుడైన ఆఫ్రికా, పశ్చిమాసియా అడవిపిల్లిదీ ఆ రకమే. అంటే అన్నిటికన్నా పాత చొక్కా అదే. రెండోది సుడి చార, డొక్క మీద పెద్ద సుడి తిరిగినట్టు ఉంటుంది. బ్రిటన్ పిల్లుల్లో ఈ సుడి జన్యువు నూటికి 80 దాకా ఉంది. తూర్పు ఆసియాకు పోయేకొద్దీ అది బాగా అరుదు. మేము పల్నాడులో ఇన్నేళ్ళలో సుడి చార పిల్లిని ఒక్కదాన్నీ చూడలేదు. ఈ రెండిటికీ తేడా తెచ్చే జన్యువును 2012లో పట్టుకున్నారు. పాత పిల్లుల ఎముకల్లోని డి.ఎన్.ఎ. చూసినవాళ్ళు 2017లో ఇంకో సంగతి చెప్పారు: సుడి జన్యువు మధ్యయుగాలకు ముందు కనిపించలేదు, తురుష్క సామ్రాజ్యపు నేలల్లో మొదలై తరువాత వ్యాపించింది. అటు సింగపూర్ వైపు మెలి తిరిగిన, మొండి తోకల పిల్లులు ఎక్కువ. మలయా దీవుల్లో, సయాంలో, బర్మాలో పిల్లి తోకలు పొట్టిగా, చివర ముడిపడి ఉంటాయని డార్విన్ 1868లోనే రాశారు. బర్మాకు కూలికి పోయి వచ్చిన మన తెలుగువాళ్ళు ఆ తోకలు చూసే ఉంటారు.

ఇట్లా ఎందుకు మారతాయంటే, ఎండ వల్లా వాన వల్లా కాదు. మనిషి వెంట పిల్లి పోతుంది. గింజలున్నచోట ఎలుక, ఎలుక ఉన్నచోట పిల్లి. ఓడల్లో గింజలుంటాయి కనుక ఓడ ఎక్కుతుంది. ఏ రేవులో దిగితే అక్కడ దాని రంగులు పాతుకుంటాయి. దిగినవి నాలుగైదే అయితే, వాటిలో ఏ రంగుంటే ఆ ఊరంతా కొన్నాళ్ళకు ఆ రంగే. నీల్ టాడ్ అనే ఆయన 1977లో పిల్లులు, వాణిజ్యం మీద రాసిన వ్యాసంలో, పిల్లుల రంగుల పటం గీస్తే పాత వర్తకపు దారులు కనిపిస్తాయని చూపించారు. అమెరికాలో బోస్టన్ చుట్టుపక్కల కాలికి ఎక్కువ వేళ్ళున్న పిల్లులు మెండుగా ఉండటం కూడా ఇట్లాంటిదే. మన మాచర్ల పక్కనే నాగార్జునకొండ తవ్వకాల్లో రోము నాణేలు దొరికాయి. ఆ నాణేలొచ్చిన దారిలోనే ఏ బొంతపిల్లి ముత్తవ్వో కృష్ణ ఒడ్డున దిగి ఉండొచ్చు. ఇది శాస్త్రం కాదు, మా ఊహ. సంచికలో ఆ మాత్రం స్వేచ్ఛ ఇవ్వండి.

వాతావరణం రంగును మార్చే పిల్లి ఒకటుంది, సయాం పిల్లి. దాని రంగు తయారయ్యే పని వేడికి ఆగిపోతుంది, చల్లగా ఉండే చెవులు, ముక్కు, తోక, కాళ్ళ దగ్గరే నలుపెక్కుతుంది. దాన్ని తెచ్చి మే నెలలో రెంటచింతలలో ఉంచితే ఏమవుతుందో మీరే చెప్పండి.

ఎరుపు జన్యువు ఎక్స్ మీద ఉందని నూరేళ్ళకు పైగా తెలుసు గాని, అది ఏదో తెలియలేదు. 2025లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్, జపాన్‌లోని క్యూషూ విశ్వవిద్యాలయాల బృందాలు విడివిడిగా పనిచేసి ఒకే జవాబు చెప్పాయి. ఆర్గాప్36 అనే జన్యువు దగ్గర 5 వేల పైచిలుకు అక్షరాల డి.ఎన్.ఎ. ముక్క ఊడిపోయింది. కొత్తగా చేరింది ఏదీ లేదు, ఊడిపోయినదాని వల్లే ఎరుపు. ప్రపంచంలోని ఎర్ర పిల్లులకు ఆ లోపం ఒకటే. అంటే ఎప్పుడో ఒకే ఒక్క పిల్లిలో జరిగి, అక్కడి నుంచి మన బియ్యం గది దాకా వచ్చింది. ఈ వార్త మా బ్యాచ్ గ్రూపులో ఒకడు పెట్టాడు. ఎప్పుడూ ఏమీ రాయని ఒకడు దాని కింద "బొంత" అని ఒక్క మాట రాశాడు. రాసింది వాడే.

దాంతో ధైర్యం వచ్చి మేము ముగ్గురం వాడి ఊరికి వెళ్ళాం. అంతకుముందు రెండుసార్లు పూర్వ విద్యార్థుల కలయికకు పిలిస్తే ఒకసారి రాలేదు, ఒకసారి వచ్చి భోజనం చేసి వెళ్ళిపోయాడు. ఇంటి ముందు మంచం వేసి కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. పత్తి ధర గురించి మాట్లాడుకున్నాం, మిర్చి తెగులు గురించి మాట్లాడుకున్నాం. దారి పొడుగునా అనుకున్న మాట నోట్లోనే ఉండిపోయింది. వాడికి ఒక కూతురు. ఆ పిల్లవీ నల్లకళ్ళే. మాలో ఒకడు లెక్కల మాస్టారు. మాట మార్చడానికో, చెప్పదలచుకున్నది అట్లా అయినా చెప్పడానికో, నేల మీద పుల్లతో గీసి ఒక లెక్క చేశాడు. ఒక ఊళ్ళో నూరు పిల్లులున్నాయనుకుందాం. వాటిలో బూడిద రంగువి 4 కనిపించాయనుకుందాం. నూటికి 4 అంటే 0.04. దాని వర్గమూలం 0.2. అంటే ఆ జన్యువు నూటికి 20 పాళ్ళు ఉంది. మిగతా 80 పాళ్ళతో గుణించి రెండింతలు చేస్తే 32. కనిపించేవి 4, లోపల దాచుకొని ఏమీ ఎరగనట్టు తిరిగేవి 32. హార్డీ, వైన్‌బర్గ్ అనే ఇద్దరు 1908లో చెప్పిన లెక్క ఇది. పిల్లులు రంగు చూడకుండా జతకడతాయనుకుంటే సరిపోతుంది.

వాడు ఆ గీతల వంక చాలాసేపు చూశాడు. "32నా?" అన్నాడు. "32" అన్నాం. ఇంకేమీ అనలేదు.

లోపలి నుంచి వాళ్ళమ్మ వచ్చింది. చూపు తగ్గింది, మమ్మల్ని గొంతుబట్టి గుర్తుపట్టింది. ఒక్కొక్కరి పేరూ పెట్టి పిలిచి, పిల్లలెంతమంది అని అడిగి, ఉన్నట్టుండి, "ఆ బియ్యం గదిలో బొంత ఉండేదే, దాన్నేం జేశార్రా?" అన్నది. మా ముగ్గురికీ మాట పెగల్లేదు. వాడే అందుకొని, "ముసల్దై పోయిందమ్మా" అన్నాడు. ఆమె లేచి లోపలికి వెళ్ళి జొన్నరొట్టెలు చేసింది. ఈ వ్యాసం రాస్తామని వారం తరువాత ఫోన్లో అడిగాం. వాడన్న మాటే మొదట రాశాం.

ఇప్పుడు హాస్టల్లో ఉన్న తమ్ముళ్ళకు ఒక పని. సంక్రాంతి సెలవులకు ఊళ్ళకు పోతారు కదా, మేము చెడగొట్టిన లెక్క మీరు సరిగ్గా చేయండి. ప్రతి పిల్లినీ ఫోన్‌లో ఫోటో తీయండి, అప్పుడు ఒకదాన్ని రెండుసార్లు లెక్కపెట్టరు. ఎరుపు ఉందా, నలుపా, బూడిదా, సన్న చారా, సుడి చారా, పొట్ట తెలుపా, తోక తిన్నగా ఉందా మెలి తిరిగిందా, ఏ ఊరు, ఏ తేదీ, ఇవి రాసుకోండి. తోబుట్టువులైన పిల్లలు నాలుగుంటే ఆ సంగతీ రాయండి, లేకపోతే ఒక కుటుంబమే ఊరంతటినీ ముంచుతుంది. అంకెలు బస్సులో కూర్చొని వేయకండి, మాకు తెలిసిపోతుంది. సుడి చారది కనిపిస్తే అది ఎవరి ఇంటిది, ఎక్కడి నుంచి తెచ్చారో అడగండి. బొంత కనిపించి, అది మగదని మీకు అనుమానం వస్తే, ముందు దాన్ని పోనివ్వకుండా ఏదైనా తినడానికి పెట్టండి, తరువాత మాకు ఫోన్ చేయండి. ఏ వేళప్పుడైనా సరే.